వొండేదెవులు? విశాఖ జాలరిపేటలో ప్రవాసుల డబ్బుతో ముసలివాళ్ల భోజనం: కేస్ స్టడీ

ఈ కేసు విశాఖ తీరంలోని ఒక జాలరిపేటది. ట్రస్టు పేరు, దాతల పేర్లు, పేట పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునేవాళ్లకు పనికొచ్చేవి పేర్లు కావు. లెక్కలు, చేసిన పొరపాట్లు, వాటిని దిద్దుకున్న తీరు పనికొస్తాయి.

భోజనం అందుకుంటున్నవాళ్లు 60 మంది. అందరూ 65 దాటినవాళ్లే. ఒంటరిగానో, ముసలి జంటగానో ఒకే గదిలో ఉంటారు. ఎక్కువమంది ఆడవాళ్లు. ముప్పై నలభై ఏళ్లు హార్బర్ నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధి తిరిగి అమ్మినవాళ్లు. మెడ, మోకాళ్లు అక్కడే అరిగిపోయాయి. డబ్బు పంపేది ఇక్కడి కాలేజీలో చదివి బయటికెళ్లిన ఒక బ్యాచ్. కొందరు అమెరికాలో, కొందరు దుబాయ్‌లో, ఇద్దరు ముగ్గురు సింగపూర్‌లో ఉన్నారు. వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఊరి మీద ప్రేమకు, డబ్బుకు ఏనాడూ లోటు లేదు. ఆ డబ్బు ఎప్పుడు వస్తుంది, ఏ దారిన వస్తుంది, దేనికి ఖర్చుపెట్టొచ్చని చెప్పి ఇస్తారు అన్న మూడు విషయాల్లోనే తొలి రెండేళ్లూ తిప్పలు పడ్డారు.

బస్తాల రోజులు

మొదట అందరూ చేసేదే చేశారు. మూడు నెలలకోసారి ఇంటికో కిట్ ఇచ్చేవారు. అందులో 25 కిలోల బియ్యం, రెండు కిలోల కందిపప్పు, రెండు లీటర్ల నూనె, అరకిలో చింతపండు, ఉప్పు, కారం, నాలుగు సబ్బులు ఉండేవి. బ్యానర్ కట్టి, కుర్చీలు వేసి, వరుసలో నిలబెట్టి పంచేవారు. ఫొటోలు బాగా వచ్చేవి.

బస్తా మాత్రం ఇంట్లో నిలవలేదు. బియ్యం కార్డు ఉన్న ముసలామెకు రేషన్ దుకాణం నుంచి మనిషికి ఐదు కిలోల బియ్యం ఎలాగూ వస్తాయి. ఒంటి మనిషి, పళ్లు లేని మనిషి, నెలకు తినేది అంతకు మించదు. మీద వచ్చిన 25 కిలోలు సముద్రపు గాలి తేమకు నెలన్నరకే ముక్కపురుగు పట్టేవి. కొందరు పురుగు పట్టకముందే సగం ధరకు వీధి చివరి కిరాణాలో అమ్మి మాత్రలు కొనుక్కునేవారు. కొందరి బస్తా ఆ సాయంత్రమే కొడుకు ఇంటికి చేరేది. తొలి ఏడాది చివర ఇల్లిల్లూ తిరిగి అడిగితే ఒక మామ్మ అన్న మాటే ఈ రాతకు పేరు: “బియ్యమెందుకు నానా, వొండేదెవులు?”

లేనిది బియ్యం కాదు. గ్యాసు వెలిగించడానికి చూపు, కుండ దించడానికి చెయ్యి, నీళ్ల బిందె మోయడానికి నడుము లేవు. చాలామంది పొద్దున వండిన అన్నమే రాత్రికీ తినేవారు, కొందరు టీ, బన్నుతో పూట గడిపేవారు.

అప్పుడు వేసిన ప్రశ్నల పట్టిక ఇప్పటికీ మార్చలేదు. మీకు వండిపెట్టేదెవరు? నిన్న రాత్రి ఏం తిన్నారు? మాత్రలు ఎక్కడ పెట్టుకున్నారో చూపిస్తారా? పింఛను ఎవరి చేతికి వస్తుంది? ఈ నాలుగే. “ఏం కావాలి?” అన్న ప్రశ్న కావాలనే వదిలేశారు. ఆ ప్రశ్నకు జవాబు అడిగినవాడి చొక్కా చూసి వస్తుంది. ఇవ్వగలడనిపించిన వస్తువే అడుగుతారు. “చూపిస్తారా” అంటే మాత్రం నిజం బయటపడుతుంది. బీపీ మాత్రలు, సుగర్ మాత్రలు ఒకే డబ్బాలో కలిసిపోయి ఉండటం, ఆరు నెలల కిందటి చీటీతోనే కొంటూ ఉండటం అలా తెలిసినవే.

ఒకే గ్రూపు, రెండు రకాల డబ్బు

వంట సంగతికి ముందు డబ్బు దారి చెప్పాలి. చాలా ట్రస్టులు మూతపడేది వంటగదిలో కాదు, బ్యాంకు ఖాతాలో.

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ, దాత ఎక్కడ ఉంటున్నాడో అడగదు. ఏ దేశపు పౌరుడో అడుగుతుంది. భారతీయ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపిన డబ్బు విదేశీ విరాళం కాదు. అతని పక్క బెంచీలో కూర్చుని చదివి, అమెరికా పౌరసత్వం తీసుకుని, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే, జీవితకాలపు వీసా లాంటి కార్డు) పెట్టుకున్న స్నేహితుడు పంపిన డబ్బు విదేశీ విరాళమే. పదేళ్లు దుబాయ్‌లో ఉన్నవాడి డబ్బు చట్టం దృష్టిలో స్వదేశీ. నిరుడు అమెరికా పౌరుడై ఈ ఏడాది సంక్రాంతికి ఇంటికొచ్చి పూర్ణా మార్కెట్‌లో నిలబడి జేబులోంచి తీసి ఇచ్చిన నోటు విదేశీ. మనసుకు ఇది ఎక్కదు. ట్రస్టు రసీదు పుస్తకానికి మాత్రం ఎక్కాలి.

ఈ ట్రస్టుకు మొదటి మూడేళ్లు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేదు. రాదు కూడా. సంస్థ పెట్టి మూడేళ్లు నిండి, ఆ మూడేళ్లలో అసలు పని మీద కనీసం 15 లక్షలు ఖర్చుపెట్టి చూపిస్తేనే దరఖాస్తుకు అర్హత. కాబట్టి ఆ మూడేళ్లూ భారతీయ పాస్‌పోర్టు దాతలు, విశాఖలోని స్థానిక దాతల డబ్బుతోనే నడిపారు. విరాళం ఫారంలో “మీరు ఏ దేశంలో ఉంటున్నారు?” అన్న గడి తీసేసి “మీ పాస్‌పోర్టు ఏ దేశానిది?” అన్న గడి పెట్టారు. పాస్‌పోర్టు మొదటి పేజీ నకలు, “ఇది నా సొంత డబ్బు” అన్న ఒక వాక్యం తప్పనిసరి చేశారు. ఏడాదికోసారి మళ్లీ అడుగుతారు, ఎందుకంటే గ్రూపులో ఎవరో ఒకరు ఏటా పౌరసత్వం మార్చుకుంటూనే ఉంటారు.

ఇక్కడే అందరికీ తట్టే ఉపాయం ఒకటుంది: “మా తమ్ముడికి పంపుతాను, వాడు ఫోన్‌పే చేస్తాడు.” చెల్లదు. విదేశీ మూలం నుంచి వచ్చిన డబ్బు ఒకరి చేతి మీదుగా వచ్చినా, నలుగురి చేతుల మీదుగా వచ్చినా విదేశీ విరాళంగానే లెక్క. బంధువు తన అవసరాలకు తీసుకోవడం వేరు, తీసుకుని ట్రస్టుకు మళ్లించడం వేరు. ఇలా వచ్చిన రెండు మొత్తాలను ఈ ట్రస్టు వెనక్కి పంపింది. దాతలు అలిగారు. ఒకరు రెండేళ్లు మాట్లాడలేదు. అయినా అదే సరైన పని. ఒక్క తప్పుడు జమ వల్ల తర్వాత రిజిస్ట్రేషనే ఆగిపోవచ్చు.

అసలు పెద్ద దెబ్బ 2020 సెప్టెంబర్ సవరణతో పడింది. అంతకుముందు ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న పెద్ద సంస్థ విదేశీ డబ్బు తీసుకుని, ఆ అర్హత ఉన్న చిన్న ట్రస్టులకు పంచే దారి ఉండేది. సవరణ దాన్ని మూసేసింది. విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. తానే ఖర్చుపెట్టాలి. “మా అమెరికా ఫౌండేషన్ హైదరాబాద్ సంస్థకిస్తుంది, వాళ్లు మీకిస్తారు” అన్న ప్రతిపాదన ఇప్పటికీ ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఆ దారి లేదు. పెద్ద సంస్థ ఇక్కడ తానే మనుషుల్ని పెట్టుకుని, తానే సరుకు కొని, తన పుస్తకాల్లోనే లెక్క రాసుకుంటే చెల్లుతుంది. అప్పుడది ఆ సంస్థ కార్యక్రమం అవుతుంది. చిన్న ట్రస్టుకు పేరు మిగలదు, పని మిగులుతుంది.

రిజిస్ట్రేషన్ వచ్చాక పాటించాల్సినవి ఇవి. విదేశీ విరాళం దిగాల్సింది ఢిల్లీ పార్లమెంటు వీధిలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే. ఆ ఖాతాకు కాగితాలు విశాఖ బ్రాంచిలో ఇవ్వొచ్చు, ఢిల్లీ వెళ్లక్కర్లేదు. అక్కడి నుంచి స్థానిక వినియోగ ఖాతాకు మార్చుకుని ఖర్చుపెట్టాలి. దాత నేరుగా వినియోగ ఖాతాకు పంపితే అది ఉల్లంఘన. ఆ ఖాతా నంబరు ఏ కరపత్రం మీదా వేయకపోవడమే మందు. బయటి నుంచి పంపేవారు బ్యాంకు ఫారంలో ప్రయోజనం కోడ్ పీ1303 రాయాలి, అంటే ధార్మిక, సేవా సంస్థలకు విరాళం. అలవాటు కొద్దీ కుటుంబ పోషణ కోడ్ పీ1301 రాసేస్తారు. తర్వాత బ్యాంకు వివరణ అడుగుతుంది. దేశీయ విరాళం ఒక్క రూపాయి కూడా ఈ ఖాతాల్లో కలవకూడదు. ఖాతాలో పడ్డ వడ్డీ కూడా విదేశీ విరాళంగానే లెక్క. వార్షిక రిటర్ను ఎఫ్‌సీ-4 డిసెంబర్ 31 లోపు వేయాలి. ఆ ఏడాది పైసా రాకపోయినా సున్నా అని వేయాలి. ఈ సున్నా రిటర్ను మరిచిపోయి చిక్కుల్లో పడ్డ సంస్థలు తక్కువేం కాదు.

పరిపాలనా ఖర్చు విదేశీ విరాళంలో 20 శాతం దాటకూడదు. 2020కి ముందు అది 50 శాతం. ఈ కేసులో ఆ గీత దగ్గరికి కూడా రాలేదు. ఇంటింటికీ వెళ్లి సేవ చేసేవాళ్ల జీతం సేవా ఖర్చు, ఆఫీసు అద్దె, అకౌంటెంటు జీతం పరిపాలన. అయితే నియామక పత్రంలో, హాజరు పుస్తకంలో ఆ తేడా మొదటి రోజు నుంచే రాసి ఉండాలి. ఆడిట్ రోజున గుర్తుతెచ్చుకుని విడగొడితే నిలవదు.

అమెరికా దాతలకు ఇంకో ముడి ఉంది. ఇక్కడి 80జీ రసీదు, అంటే మన ఆదాయపు పన్ను మినహాయింపుకు ఇచ్చే రసీదు, వాళ్ల అమెరికా పన్నుకు పనికిరాదు. అక్కడి పన్ను చట్టం సేవాసంస్థగా గుర్తించిన, అంటే 501(సీ)(3) హోదా ఉన్న, సంస్థ ద్వారా ఇస్తేనే మినహాయింపు, ఉద్యోగి విరాళానికి కంపెనీలు తమ వంతు జతచేసే మ్యాచింగ్ కూడా. ఆ సంస్థ నుంచి వచ్చేది ఎలాగూ విదేశీ విరాళమే, అందులో భారతీయ పాస్‌పోర్టువాళ్ల డబ్బు కలిసినా సరే. అందుకే గ్రూపును మూడు వరుసలుగా విడదీశారు. ఇండియాలో పన్ను కట్టే ఎన్నారైలు, స్థానికులు దేశీయ ఖాతాకు పంపి 80జీ రసీదు తీసుకుంటారు. అమెరికాలో మినహాయింపు కావాల్సినవాళ్లు అక్కడి సంస్థకు ఇస్తారు. ఇవేవీ అక్కర్లేని ఓసీఐలు నేరుగా ఢిల్లీ ఖాతాకు పంపుతారు. ఒక పేజీ తెలుగులో రాసి గ్రూపులో పిన్ చేశాక సగం ఫోన్లు తగ్గాయి.

మరో మాట. ప్రేమకొద్దీ ఓసీఐ బంధువును ట్రస్టీగా పెట్టుకోవద్దు. ఆఫీస్ బేరర్లందరూ గుర్తింపు పత్రాలు ఇవ్వాలి, విదేశీ పౌరుడు బోర్డులో ఉంటే దరఖాస్తు మీద ప్రశ్నలు పెరగొచ్చు. సలహా కమిటీ అని వేరేగా పెట్టుకుంటే ఆయనకూ గౌరవం, ట్రస్టుకూ శాంతి.

అరవై కారియర్లు

బస్తా మానేసి వండిన అన్నం పంపాలని తేల్చాక వంటగది పేటలోనే పెట్టారు. దూరం నుంచి వ్యాన్‌లో తెస్తే ఈ ఇరుకు సందుల్లో చివరి ఇంటికి చేరేసరికి అన్నం గట్టిపడుతుంది.

60 మందికి ఒక పూట: బియ్యం ఆరున్నర కిలోలు, కందిపప్పు 1.8 కిలోలు, కూరగాయలు ఆరు కిలోలు, నూనె అరలీటరు. వారానికి మూడు రోజులు గుడ్డు. బియ్యానికి నీళ్లు మామూలుగా పోసేదానికంటే ఎక్కువ, మెత్తగా నలిగేదాకా ఉడకాలి. వంటమనిషికి ఇది మొదట నచ్చదు. అన్నం ముద్దయిందని ఎవరైనా అంటారేమోనని ఆమె భయం. కారియర్‌లో తిరిగొచ్చిన మెతుకులు చూపిస్తే ఒప్పుకుంటుంది. కూర ముక్క బొటనవేలి గోరు కంటే పెద్దది కాకూడదు. గ్యాసు 19 కిలోల వాణిజ్య సిలిండరే వాడాలి. ఇంటి సిలిండర్ పెట్టి నడిపితే నేరం, ప్రమాదమైతే బీమా కూడా రాదు. ఒక్కోటి పది పన్నెండు రోజులు వస్తుంది. ఉచితంగా పెట్టే వంటగదికైనా ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద నమోదు ఉండాలి. లాభం కోసమా కాదా అన్నది ఆ చట్టం చూడదు.

సమయాల విషయంలో రాజీ లేదు. ఆరున్నరకు పొయ్యి వెలుగుతుంది, పదిన్నరకు వంట దిగుతుంది, పదకొండుకు కారియర్లు బయల్దేరతాయి, పన్నెండుంబావుకు చివరి ఇల్లు. వండిన ఆహారం 60 డిగ్రీల కంటే చల్లబడ్డాక రెండు గంటలు దాటితే సూక్ష్మజీవుల పంట పండుతుంది, విశాఖ ఉక్కలో మరీను.

మొదటి వేసవిలో జరిగిన తప్పు ఇక్కడిదే. తొలి వారంలోనే నలుగురికి విరేచనాలు. వంటలో లోపమేమీ లేదు. మధ్యాహ్నం వచ్చినదాంట్లో సగం రాత్రికి దాచుకుంటున్నారు. పప్పు సాయంత్రానికే పులిసిపోయేది. దాచుకోవద్దని చెప్పి చూశారు, ఎవరూ వినలేదు. రాత్రికి ఏమీ లేని మనిషి దాచుకోక ఏం చేస్తుంది? అందుకని మెనూయే మార్చారు. మార్చి నుంచి జూన్ దాకా కొబ్బరి పచ్చడి, పాలు, పెరుగు కలిపినవి పూర్తిగా బంద్. పప్పు తక్కువ, చింతపండు పులుసు ఎక్కువ. పులుపు వల్ల అది కాస్త నిలుస్తుంది. రాత్రికి విడిగా గుప్పెడు అటుకుల పొట్లం. మిగిలిన అన్నంలో నీళ్లు పోసి పెట్టుకోవడం ఈ ముసలమ్మలకు కొత్త కాదు, తరవాణి తాగి పెరిగినవాళ్లే. కూర, పప్పు మాత్రం రాత్రికి ఉంచొద్దని ఒకే మాట, రోజూ చెప్పారు. విరేచనాలు ఆగాయి.

చేప గురించి దాతలకు ఒక భ్రమ ఉంది: జాలరిపేటలో చేప ఉచితం అనుకుంటారు. ముల్లు తీయలేని చూపుకు, పళ్లు లేని నోటికి కవళ్ల లాంటి ముళ్ల చేపలు ప్రమాదం. ఎండు నెత్తళ్లు ఇష్టంగా తింటారు కానీ ఉప్పు వల్ల బీపీ మనుషులకు చేటు. చివరికి వారానికోసారి, ముల్లు తీసిన చేప పులుసు అని కుదిరింది. దానికి అదనంగా ఒక గంట పని, ఒక మనిషి. మిగతా వారంలో పైన చెప్పిన మూడు రోజుల గుడ్డే.

మూత మీద ఎర్ర చుక్క ఉన్న కారియర్లు సుగర్‌వాళ్లవి. అన్నం ఒక గరిటె తక్కువ, కూర ఒక గరిటె ఎక్కువ. నంబర్లు పెయింటుతో రాశారు, స్టిక్కర్లు రెండు వారాల్లో ఊడిపోతాయి.

ఇరవై రెండు రూపాయలు, నలభై రూపాయలు

నెల ఖర్చు ఇది. సరుకు, గ్యాసు కలిపి 39,600. ఇద్దరు వంటవాళ్లకు 24,000. ఇళ్లకు తీసుకెళ్లే నలుగురికి 40,000. గది అద్దె, నీళ్లు, మరమ్మతులకు 9,000. మొత్తం 1,12,600. నెలకు 1,800 భోజనాలు. అంటే భోజనానికి 62 రూపాయల పైచిలుకు. అందులో పళ్లెంలో కనబడేది 22 రూపాయలే.

ఈ లెక్క చూపినప్పుడల్లా గ్రూపులో ఒకే ప్రశ్న: “22 రూపాయల భోజనానికి 40 రూపాయల జీతాలు, అద్దెలా?” దాతకు అన్నానికి ఇవ్వడం ఇష్టం, జీతానికి ఇవ్వడం కష్టం. ఒక దశలో ఇద్దరు దాతలు “మా డబ్బు భోజనానికే” అని షరతు పెట్టడంతో ఇళ్లకు వెళ్లేవాళ్లను నలుగురి నుంచి ఇద్దరికి తగ్గించారు. ఒక్కొక్కరికి 30 ఇళ్లు. కారియర్ గుమ్మంలో పెట్టి పరిగెత్తడమే అయింది. ఆ నెలల్లో తెరవని కారియర్లు మర్నాడు అలాగే తిరిగొచ్చాయి. ఒకామె జ్వరంతో మూడు రోజులు లేవలేకపోతే నాలుగో రోజు గానీ తెలియలేదు. వెంటనే మళ్లీ నలుగుర్ని పెట్టారు, షరతు తీయని డబ్బును మర్యాదగా వద్దన్నారు.

నలుగురూ అదే పేట ఆడవాళ్లు. ఒక్కొక్కరికి 15 ఇళ్లు, ఇంటికి ఐదు నిమిషాలు. కారియర్ ఇచ్చి పాతది తీసుకునేటప్పుడు చూడాల్సినవి చిన్న పుస్తకంలో టిక్కు పెడతారు. నిన్నటి అన్నం ఎంత మిగిలింది, మాత్ర వేసుకున్నారా, కాళ్ల వాపు ఉందా, ఇల్లు తడిగా ఉందా, మాట తేడాగా ఉందా. రెండు రోజులు వరసగా సగానికి పైగా మిగిలితే ఆ సాయంత్రమే నర్సుకు ఫోన్. మంచంలో ఉన్నవాళ్లకు నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో రోజూ చూడాలి. ఎరుపు దశలో రెండు గంటలకోసారి పక్క మారిస్తే తగ్గుతుంది, పుండు పడ్డాక నెలలు పడుతుంది. పక్క మార్చే పని పక్కింటివాళ్లకు నేర్పించారు. కూతురు లేని ఇంట్లో పక్కింటి కోడలే దిక్కు.

ఈ నడిచే మనుషుల వల్ల వచ్చిన అసలు లాభం వేరే ఉంది. రాష్ట్ర ప్రభుత్వం వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 ఇస్తోంది. ఒక పింఛను సరిచేయిస్తే ఏడాదికి 48,000. అది ఏ దాతా ఇవ్వనంత స్థిరమైన డబ్బు, ప్రతి నెలా మొదటి తేదీకి. మత్స్యకారులకు వయసు పరిమితి 60 కాదు, 50 అన్న సంగతి ఈ పేటలోనే చాలామందికి తెలియదు. ఆగిపోయిన పింఛన్లకు కారణాలు అవే తిరిగి తిరిగి వస్తాయి. ఆధార్‌లో వయసు తక్కువ పడి ఉంటుంది. పుట్టిన తేదీ మార్పుకు ఒకే అవకాశం, కాబట్టి ఆధారం గట్టిది దొరికాకే వెళ్లాలి. భర్త సముద్రంలో పోయాడు, మరణ ధ్రువపత్రం లేదు. లేదా వేలిముద్ర పడదు. జీవితమంతా వల లాగి, ఉప్పునీళ్లలో చేప కోసిన వేళ్ల మీద గీతలు మిగలవు. అలాంటివాళ్లకు కంటిపాప, ముఖం గుర్తింపు అడగాలి, ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ కొత్తగా వేయించాలి. దీనంతటికీ ఖర్చు ఆటో కిరాయి, జిరాక్సులు, ఒకరి అర్ధదినం. 70 దాటినవాళ్లకు ఆయుష్మాన్ వయ వందన కార్డు, అంటే కేంద్రం ఇచ్చే ఉచిత వైద్యం కార్డు, కూడా ఇదే విడతలో చేయిస్తారు.

కంటి శుక్లాల సంగతీ ఇంతే. “ఆపరేషన్‌కు ఎంత పంపమంటారు?” అని అడుగుతారు. విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, పేదలకు ఉచితంగా చేసే స్వచ్ఛంద ఆసుపత్రులూ ఉన్నాయి. ఆపరేషన్‌కు డబ్బు అక్కర్లేదు. తీసుకెళ్లి తీసుకొచ్చే మనిషి, ఆ తర్వాత నెల నుంచి నెలన్నర దాకా రోజుకు ఇన్నిసార్లని కంట్లో చుక్కలు వేసే చెయ్యి కావాలి. ఒంటరి మనిషి ఆపరేషన్‌కు ఒప్పుకోనిది భయంతో కాదు, ఆ చుక్కలు వేసేవాళ్లు లేక. వేళకు వెళ్లి చుక్కలు వేసే పని ఇళ్లకు వెళ్లేవాళ్ల పట్టికలో చేర్చాక ఒప్పుకున్నారు.

డిసెంబర్ డబ్బు, మే ఆకలి

అమెరికాలో పన్ను సంవత్సరం డిసెంబర్ 31తో ముగుస్తుంది. విరాళాలు నవంబర్, డిసెంబర్‌లలో కుప్పగా వస్తాయి. సంక్రాంతికి ఊరొచ్చినవాళ్లు జనవరిలో కొంత ఇస్తారు. ఇక్కడ అవసరం ఎక్కువయ్యేది వేరే నెలల్లో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. కొడుకులు ఇంట్లోనే ఉంటారు, సంపాదన ఉండదు, ముసలామె పింఛను మీద ఐదుగురు బతుకుతారు. ఆమె కారియర్‌లోని అన్నం మనవడు తింటాడు. దాన్ని ఆపాలని చూడటం దండగ. ఏ నాయనమ్మా ఆగదు. ఆ రెండు నెలలు అవసరమున్న ఇళ్లకు ఒక గిన్నె అన్నం, ఒక గుడ్డు అదనంగా వేయడమే చవక.

డిసెంబర్ డబ్బును మే దాకా ఉంచడానికి ఇంకో అడ్డు ఉంది. మన ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. పన్ను మినహాయింపు ఉన్న ట్రస్టు ఆ ఏడాది ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఖర్చుపెట్టాలి. మిగల్చాలంటే ఫలానా పనికి అని బోర్డు తీర్మానం చేసి, గడువులోగా పన్ను శాఖకు తెలపాలి. వంటగది పెట్టిన మొదటి ఏడాది ఈ తీర్మానం సంగతి తెలియక మార్చిలో హడావిడిగా మిక్సీలు, ఫ్యాన్లు కొనేశారు. మే వచ్చేసరికి కూరగాయలకు డబ్బు లేదు. ఇప్పుడు ఫిబ్రవరి సమావేశంలోనే మూడు నెలల ఖర్చు, సుమారు 3,40,000, పక్కన పెట్టే తీర్మానం అవుతుంది. దాతలను ఏడాది మొత్తం ఒకేసారి కాకుండా నెలనెలా ఇమ్మని, మాట డాలర్లలో కాకుండా రూపాయల్లో ఇమ్మని అడుగుతారు. “నెలకు వంద డాలర్లు” అన్న మాట రూపాయి మారకంతో ఊగుతుంది, వంటగది బడ్జెట్ ఊగకూడదు.

అక్టోబర్ తుఫానుల నెల. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు పనిచేయలేదు. బ్యాంకులో ఎంత ఉన్నా ఆ వారం చేతిలో నోటు ఉన్నవాడిదే మాట. అందుకే ఏటా సెప్టెంబర్ చివరికి పది రోజుల పొడి సరుకు, ఒక నిండు సిలిండర్, నెల మాత్రలు, వారం సరిపడా చిల్లర నగదు సిద్ధంగా ఉంచుతారు. దాతలు తుఫాను వార్త టీవీలో చూశాక పంపే డబ్బు ఖాతాలో పడి చేతికొచ్చేసరికి పది రోజులు. అది మరమ్మతులకు పనికొస్తుంది, ఆ వారం అన్నానికి పనికిరాదు.

వద్దన్నవి

విదేశాల నుంచి మిగిలిన మందులు పంపడం. పేర్లు వేరు, డోసు వేరు, గడువు దగ్గరపడినవి, ఇక్కడి డాక్టర్ రాయనివి. బీపీ, సుగర్ మాత్రలు పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఉచితం, జన ఔషధి దుకాణంలో చవక. వాడిన చక్రాల కుర్చీలు కూడా. ఒకటి వచ్చింది, చక్కటి కుర్చీ, ఈ సందుల గుమ్మాల్లో పట్టలేదు. టైరు పాడైతే ఇక్కడ దొరకదు. పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, వినికిడి పరికరాలు రాష్ట్రీయ వయోశ్రీ యోజన క్యాంపుల్లో ఉచితంగా ఇస్తారు. పైగా విదేశీ పౌరుడు పంపితే వస్తువుల రూపంలో వచ్చినా అది విదేశీ విరాళమే, దానికీ లెక్క రాయాలి.

“ఒక మామ్మను దత్తత తీసుకోండి” పథకం ఏడాదిన్నర నడిపి మానేశారు. దాతలకు ఎంతో నచ్చింది, పేటలో చిచ్చు పెట్టింది. ఒకరి దాత పండక్కి చీర పంపాడు, పక్కింటామె దాత పంపలేదు. మామ్మ పోతే దాత కూడా వెళ్లిపోయాడు. ఇప్పుడు దాతకు ఇచ్చేది ఒక వీధి: 15 ఇళ్లు, ఒక మనిషి జీతం, ఆ 15 కారియర్లు. పేర్లు ఉండవు. ఫొటోలో ముఖాలు ఉండవు, కావాలంటే కారియర్ల ఫొటో పంపుతారు. నెలకో పేజీ వెళుతుంది. ఎన్ని భోజనాలు వెళ్లాయి, ఎన్ని మిగిలి తిరిగొచ్చాయి, ఎన్ని పింఛన్లు కదిలాయి, ఎంత ఖర్చయింది. మిగిలి తిరిగొచ్చిన సంఖ్య దాచకుండా రాయడం మొదలుపెట్టాకే దాతల అనుమానపు ప్రశ్నలు తగ్గడం గమనించదగ్గది.

కారియర్ల లెక్కలో చివరి సంగతి ఒకటి. 60 మందికి మొదట 62 కొన్నారు, రెండు అదనం చాలనుకున్నారు. చాలలేదు. మనిషి పోయాక ఆ నంబరు కారియర్ కడిగి మర్నాడే ఎదురుచూస్తున్న ఇంకొకరికి ఇస్తే ఆ ఇంటివాళ్లు తీసుకోలేదు. పెద్దకర్మ కాకుండా పోయినామె గిన్నెలో అన్నమేమిటని వీధి వీధంతా తప్పుబట్టింది. అప్పటి నుంచి ఆ కారియర్‌ను కర్మ అయ్యేదాకా పక్కన పెడతారు, ఆ తర్వాత పాత నంబరు గీకేసి కొత్త నంబరు వేస్తారు. ఇప్పుడు వంటగదిలో 68 కారియర్లున్నాయి.